అరవని ఇల్లు

పటాన్‌చెరులోని ఒక కంపెనీలో జ్ఞానప్రకాశం ఎర్రగా కాల్చిన ఇనుమును దంచే మిషన్ మీద పనిచేసేవాడు. కొడుకు అహరోను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ మోత ఆయన రెండు చెవులనూ తినేసింది. కర్దనూర్‌లోని వాళ్ల ఇంట్లో మాత్రం ఎవరూ ఆయనతో అరిచి మాట్లాడేవారు కాదు.

"పొద్దంత కంపెనీల మోతనే గదా. ఇంటికాడన్న నిమ్మలంగ ఉండనియ్యి," అనేది భార్య సౌభాగ్యమ్మ.

అందుకని అన్నాల దగ్గర అహరోను ఊరి సంగతులన్నీ తండ్రికి మొహంతోనే చెప్పేవాడు. బస్సులో సీటు కోసం కొట్లాట, ప్రార్థనలో కునుకు తీసే సంఘపెద్ద. చేతులు ఎక్కువగా ఊపితే జ్ఞానప్రకాశం పళ్లెంలోకి తల దించుకునేవాడు. కదలకుండా కూర్చుని కనురెప్పలు మెల్లగా వాల్చితే మాత్రం పొలమారేదాకా నవ్వేవాడు. ఏ నవ్వుకు ఎంత చాలో అహరోను అక్కడే నేర్చుకున్నాడు.

పెద్దయ్యాక క్రిస్మస్ నాటికల్లోనూ, మేడే సభల్లోనూ నవ్వించేవాడిగా అతనికి పేరొచ్చింది. తొంభై ఆరులో హైదరాబాదు క్యాసెట్ కంపెనీ ఒకటి పిలిచి అతని హాస్యాన్ని రికార్డు చేసింది. అతను నవ్వించేది మొహంతో కాబట్టి, విని చూస్తే ఒక మాట, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఆ క్యాసెట్‌ను ఎవరూ కొనలేదు. అహరోను మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాడు.

కొన్నేళ్లకు టీవీలో నవ్వుల కార్యక్రమం చేసే యాదగిరి, సంగారెడ్డిలో అతని ప్రదర్శన చూసి పిలిపించాడు.

"చెవిటోని వేషమెయ్యి. ఒకటంటే ఇంకోటి ఇనపడ్డట్టు. జనం పడిపడి నవ్వుతరు."

"మా నాయినకు ఇనపడదన్నా."

యాదగిరి మొహం చిన్నబోయింది. "నాకెర్క లేదు తమ్మీ. ఇగ వేరేది చూద్దాం."

అహరోను తల అడ్డంగా ఊపాడు. "గదే చేస్త. గని చెవిటోడు కుర్చీల ఊకె కూసుంటడు. నేను ఆయనతోని మాట్లాడెటోళ్ల వేషమేస్త."

ఆ కుర్చీలో జ్ఞానప్రకాశాన్నే కూర్చోబెట్టాడు. తాను బ్యాంకు గుమాస్తాగా వచ్చి ఆయన చెవిలో అరిచాడు. డాక్టరుగా వచ్చి అంతకన్నా గట్టిగా అరిచాడు. అరిచి అరిచి గొంతు పోయి, రొప్పుతూ కూలబడ్డాడు. పెద్దాయన అతన్ని జాలిగా చూసి, పక్కనున్న నీళ్ల గ్లాసు అందించాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు వినపడలేదు. ముందు వరసలో ఊగుతున్న భుజాలను వింతగా చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా వినిపించేలా అన్నాడు: "బిడ్డా, డాక్టర్‌ను జెర తగ్గియ్యాలె. గంత సేపు ఎవ్వడు మాట్లాడడు. మందు రాసి తోలిస్తడు."

అహరోను తలూపాడు. తర్వాతి ప్రదర్శనలో డాక్టరు మందు రాసి పంపించేశాడు. తండ్రీకొడుకులు చాలా ఊళ్లు తిరిగారు. సినిమా వాళ్లు అహరోనును రెండుసార్లు పిలిచి, అరిచే వేషాలే ఇచ్చారు. చేసి వచ్చాడు. ప్యాకింగ్ పనికి మాత్రం మళ్లీ వెళ్లలేదు.