అద్దం మీద వడియాలు

పుల్లమజ్జిగ పోసి ఉడికించిన పిండి ఇంకా వేడిగానే ఉంది. పుష్పవల్లి ఒక ముద్ద మురుకుల గొట్టంలోకి కుక్కి, రెండు చేతులా నొక్కుతూ ఇటుక రంగు అద్దం మీద వడియాలు తిప్పుతోంది. పక్క వరుసలో నిన్నటివి రెండో ఎండకు గలగలమంటున్నాయి. ఇళ్ల వెనక కూవం నది మురుగు వాసన ఎప్పటిలాగే ఉంది. చింతాద్రిపేటలో పుట్టిన ముక్కులకు ఆ వాసన పట్టదు.

ఆ అద్దాలు ఆమె మొగుడు వెంకటపతి తెచ్చినవి. కూలగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలు, ఇనుము కొని అమ్మడం అతని వ్యాపారం. షోళింగనల్లూరులో ఒక ఆఫీసుకు గోడ గోడంతా ఎండతో కరెంటు పుట్టించే పలకలే తొడిగారట. తుపానుకు కొన్ని పగిలితే మొత్తం గోడనే ఒలిచేశారు. వెంకటపతి అల్యూమినియం చట్రాలు ఊడదీసి అమ్ముకున్నాడు. పలకలను మాత్రం అడిగే నాథుడు లేడు. గోడౌను నిండగా మిగిలినవి మిద్దె ఎక్కాయి.

ఎండ పడితే పెనంలా కాలే ఆ అద్దాన్ని చూడగానే పుష్పవల్లికి ఆలోచన తట్టింది. పాత పంచె తడిపి పరవడం, వెనక నీళ్లు చల్లి ఒక్కొక్కటే ఒలవడం, ఆ చాకిరీ ఏదీ లేదు. పొద్దున పెట్టినవి సాయంత్రానికి వాటంతటవే లేచి వస్తున్నాయి. టి. నగర్‌లో అత్తగారింట ఉన్న కూతురు శ్రీప్రియకు ఇప్పుడు ఆరో నెల. పులుపు తప్ప నోటికి ఏదీ పట్టడం లేదు. పోయిన వారం ఒక డబ్బా పంపితే, వేయించకుండానే నములుతోందట.

కోడలు జనని తడిబట్టల బకెట్టుతో పైకి వచ్చింది. సెలవు రోజు తప్ప ఆ పిల్లకు మిద్దె ఎక్కే తీరిక ఉండదు. కట్టడంలో వాడే ప్రతి వస్తువూ గనిలోంచి వచ్చినప్పటినుంచి చెత్తలో కలిసేదాకా గాలికీ నీటికీ ఎంత చేటు చేస్తుందో లెక్కగట్టే ఆఫీసులో ఆమెకు పని. "మా కోడలు వస్తువులకు జాతకాలు రాస్తాది" అని పుష్పవల్లి చుట్టాలతో చెబుతుంటుంది.

"నీళ్లు చిందేవు పాపా. అది మీ ఆడబిడ్డ సొత్తు" అంది పుష్పవల్లి.

జనని బకెట్టు దించకుండా నిలబడిపోయింది. "అయ్యో, వేండాం అత్తా! ముట్టుకోవద్దు."

"ఏమైంది? తేలు గీలు ఉండాదా?"

"ఈ పలకలు… ఈ రంగు కావాలని అడిగింది మేమే. ఆ గోడకు జాతకం రాసింది మా ఆఫీసే."

"అట్లయితే మనింటి వస్తువే కదా!" పుష్పవల్లి నవ్వింది. జనని నవ్వలేదు. కిందకు వంగి అద్దం మీద వేలు పెట్టి చూపించింది. దగ్గరగా చూస్తే గానీ తెలియని పగుళ్లు, సాలెగూడులా అంతటా అల్లుకుని ఉన్నాయి.

కాస్త తమిళంలో, కాస్త తెలుగులో తడబడుతూ చెప్పింది. లోపల తీగలను అతికించిన చోట సీసం ఉంటుందట. అద్దం బాగున్నంతకాలం పైకి రాదట. పగిలితే తడి లోపలికి దిగుతుంది. పులుపు తగిలితే ఇంకా కరుగుతుంది.

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాచకూడదని పుష్పవల్లికి చిన్నప్పుడే తెలుసు. ఎవరూ అంతకంటే విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

"ఏమి, పొద్దున్నే అత్తాకోడళ్ల పంచాయతీ?" అంటూ వెంకటపతి కాఫీ గ్లాసుతో పైకి వచ్చాడు. సంగతి విని గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. "సీసమా? ఎంత ఉంటాది?"

"తెలీదు మామా. శానా తక్కువ ఉండొచ్చు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ కడుపుతో ఉండే మనిషి కదా."

"పొగ రాదు, మసి రాదు, సూర్యుడి వస్తువు అని మీరే కదా చెప్తారు? దాంట్లోకి విషం యాడినుంచి వచ్చె?"

"గోడ మీద ఉన్నన్నాళ్లూ మంచిదే మామా. పాడైతే చేసిన కంపెనీయే వెనక్కి తీసుకుంటాదని రాసినాం."

"తీసుకునింది నేను. ఇదో చూడు కంపెనీ, లుంగీ కట్టుకోని నిలబడుండాది." తన మాటకు తనకే నవ్వు రాలేదు. "సరే, చెప్పు. ఇప్పుడు వీటిని యాడ వేసేది? కార్పొరేషన్ బండివాడు తియ్యడు. కూవంలో వేసేదా?"

జనని బకెట్టును పిట్టగోడ పక్కన దించింది.

పుష్పవల్లి నిన్నటి వడియం ఒకటి లేపి, తిప్పి ఎండకు పట్టింది. అడుగున ఉప్పుకంటే సన్నగా ఏదో తళుక్కుమంది. బొటనవేలితో రుద్దితే చురుక్కున గుచ్చుకుంది.

చేయి కొంగుకు తుడుచుకుని శ్రీప్రియకు ఫోన్ చేసింది. వియ్యపురాలు ఎత్తింది. "వదినా, ఏం చేయి వదినా మీది! మీ కూతురు డబ్బా ఒళ్లోంచి దించితే కదా."

పుష్పవల్లి మాట మధ్యలోనే అందుకుంది. "ఇంక తిననీయొద్దు వదినా. డబ్బా ఎత్తి పెట్టేయండి. నేను వస్తా ఉండాను."

"ఎందుకు? ఏమైంది?"

పుష్పవల్లి ఫోన్ పెట్టేసింది.

వెంకటపతి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "సరిగా ఎండలేదు, బూజు పడతాదని చెప్పి తెచ్చేయ్. సీసం మాట ఎత్తొద్దు. కన్నతల్లే కడుపులో బిడ్డకు విషం పెట్టిందంటారు. శ్రీప్రియ ఆ ఇంట్లో బతికినన్నాళ్లూ ఆ మాట మోయాల."

అందులో అబద్ధం లేదు. వియ్యపురాలి నోరు ఆమెకు తెలియనిది కాదు. సీమంతంలో గాజుల నాణ్యం గురించి అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"చెప్తేనే అత్తా, డాక్టరు రక్తం పరీక్ష చేసేది" అంది జనని మెల్లగా. "చెప్పకపోతే చూడాలని ఎవరికి తోస్తాది?"

పుష్పవల్లి అద్దం మీది పచ్చిపిండిని అట్లకాడతో గీకి, నిన్నటి వడియాలతో కలిపి కాగితంలో వేసి మడిచింది. చేతులు కడుక్కుంది. చేతిలో మెరిసిన ఆ ఒక్క వడియాన్ని మాత్రం పారేయలేదు. కొంగు చివర పెట్టి గట్టిగా ముడి వేసింది.

మెట్ల మీద వెంకటపతి వెనకే దిగాడు. "ఏమే, ఆడికి పోయి ఏం చెప్తావు? నాతో చెప్పి పో."

ఆమె వాకిట్లో చెప్పులు వేసుకుంది. కొంగు ముడి మీద చేయి ఉంచుకుని, "ఇది డాక్టరుకు చూపించాల" అంటూ వీధిలోకి దిగింది.