ఏ అన్న?

“చివరిసారి అడుగుతున్నా. మీ కూలి డబ్బు ఎవరు తీసుకున్నారో చెప్పకపోతే కేసు కొట్టేస్తా,” అంది కార్మికశాఖ అధికారిణి.

ప్రభుత్వాసుపత్రి కొత్త వార్డు కట్టిన కూలీలంతా గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లలో ఆడది ఒక్కతే, టైల్స్ పనివాడి పెళ్లాం. మొగుడు పరంజా మీంచి పడి మంచాన ఉన్నాడు. ఇద్దరి కూలి చేతికొస్తేనే నడుముకు ఆపరేషన్.

“బిల్లు రాగానే ముట్టజెప్పేశా మేడమ్. అన్న చేతికే ఇచ్చా,” అన్నాడు కాంట్రాక్టరు.

“మా ఇంట్లోనూ ఒక అన్న ఉన్నాడు. ఆయన్ని పట్టుకురానా? ఏ అన్న?”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

“వీళ్లంతా అన్నా అన్నా అంటూ తిరిగే మేస్త్రి, మేడమ్!”

టైల్స్ పనివాడి పెళ్లాం గోడ వదిలి ముందుకొచ్చింది. ‘అన్న తీసుకెళ్లాడు’ అని కాంట్రాక్టరు ఆఫీసులో చెప్పినప్పుడు, అతని అన్నగారే అనుకుంది. ఆయన గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తిపోసింది. పక్కన నిలబడి అందరికన్నా గట్టిగా అరిచింది మేస్త్రే.

తాపీపని ముసలాయన వైపు తిరిగింది. “నీకు తెలుసా బాబాయ్?”

ఆయన తల దించుకున్నాడు. “నీకు పుట్టిల్లంటూ మిగిలింది వాడొక్కడే కదమ్మా. మా నోటితో ఎలా చెప్పమంటావు? మీ ఆయన లేచి తిరిగాక మెల్లగా చెబుదామనుకున్నాం.”

“డబ్బు లేకుండా ఎలా లేస్తాడు బాబాయ్?”

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అందరికీ తెలుసు. ఆమె కోసమే ఇన్నాళ్లూ పస్తులుండి నోరు కట్టేసుకున్నారు.

తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. “అప్పులవాళ్లు ఇంటి మీదకొచ్చారే. సర్దేద్దామనే అనుకున్నా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం, చెల్లెమ్మా.”

పరంజా కింద పడ్డ బావను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తినవాడు ఇతనే. ఆ రోజు అతని చొక్కా నిండా అంటిన రక్తాన్ని ఆమే ఉతికింది. వద్దనుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

“ఏమ్మా, చెబుతావా? మూసేయనా?” అంది అధికారిణి.

గోడ పొడుగునా నిలబడ్డ ఒక్కొక్కరి ముఖంలోకీ ఆమె చూసింది. ఎవరూ చెప్పమనలేదు. వద్దనీ అనలేదు.

చెయ్యెత్తి తలుపు వైపు చూపించింది.

“ఆయనేనండీ. మా మేస్త్రి. నా తోడబుట్టిన అన్న.”