మరదలి గీతలు

అయినా దాన్ని మోసం అనకూడదు. మోసమంటే ఎదుటి మనిషి దగ్గర ఏదో ఒకటి లాక్కోవడం. తాను లాక్కున్నదేముంది, ఇచ్చిందే తప్ప? రోజూ సాయంత్రం అందరూ మెట్లు దిగాక కాసేపు కూర్చుని, మరదలు గీసిన ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి, అతుక్కోని గీతలు అతికించి, తప్పిన కొలతలు సరిచేసి, చప్పుడు లేకుండా మూసేయడం. నిద్రలో తన్నేసుకున్న దుప్పటి మళ్లీ కప్పడం లాంటిది. కప్పినవాళ్లు తెల్లారాక లేపి చెబుతారా, రాత్రి నీకు దుప్పటి కప్పానని?

నిన్నటి నుంచీ ఆమెకు ఇలా సర్దిచెప్పుకోవడమే పనయింది. మనసు మాత్రం బేరానికి ఒప్పుకోని కొట్టువాడిలా, ఎంత చెప్పినా ఊఁ కొట్టకుండా అటు తిరిగి కూర్చుంది.

ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఒక ఇనుప ప్లేటు బొమ్మ ఉంది. మెట్ల వరసకు పక్కన ఏటవాలుగా నిలబడి మెట్లన్నింటినీ మోసే ప్లేటు. గీసింది మరదలు, తమ్ముడి భార్య. రేపు పొద్దున ఈ ఫైలు కిందున్న కోత మిషన్‌కి వెళుతుంది. ప్లేటు సరిగ్గా తెగితే మరదలికి ఈ ఉద్యోగం ఉంటుంది. తేడా వస్తే లేదు. యజమాని ఆ మాట దాపరికం లేకుండానే చెప్పాడు.

ఇనుప మెట్లు, రెయిలింగులు తయారుచేసే చిన్న సంస్థ అది. కింద షెడ్డు, పైన బొమ్మలు గీసే గది. గదికి ఒకవైపు గోడ బదులు అద్దం ఉంటుంది. అక్కడ నిలబడితే కింద మిషన్ నిప్పురవ్వలు చిమ్మడం కనిపిస్తుంది. దాని చప్పుడు మాత్రం అద్దాన్ని లెక్కచేయదు. ఆ గదిలో ఆమెకు చాలా ఏళ్లు గడిచాయి. మరదలిని తీసుకొచ్చి చేర్పించింది కూడా ఆమే. "కంప్యూటర్ డ్రాయింగ్ కోర్సు చేసింది సార్, మంచి చురుకైన చెయ్యి" అని యజమానికి చెప్పింది. అందులో అబద్ధం లేదు. చెయ్యి నిజంగానే చురుకు. కన్ను అంతకన్నా చురుకు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మరదలు కంటితో గీసేది. గీత చివర ఇంకో గీతను తాకినట్టు కనిపిస్తే చాలు, తాకిందనుకునేది. మామూలుగా చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. దగ్గరికి లాగి పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది, రెండింటి మధ్యా వెంట్రుక దూరేంత సందు. మనిషి చూపు అలాంటి సందును పట్టించుకోదు. మిషన్‌కి చూపు లేదు, లెక్కే ఉంది. గీత ఎక్కడ ఆగితే అదీ అక్కడే ఆగిపోతుంది.

మరదలు చేరిన కొత్తలో ఆమె ఒకసారి చెప్పి చూసింది.

"మూలల దగ్గర స్నాప్ పెట్టుకో అమ్మాయ్. గీత చివరను అదే వెతికి పట్టుకుంటుంది."

"పెట్టి చూశా వదినా. మౌస్ నా మాట వినడం లేదు, ఎటు కదిలితే అటు అతుక్కుపోతోంది. సోఫాలో అత్తయ్య పక్కన కూర్చున్నట్టుంది, లేవనివ్వదు."

"ఉండు, మా అమ్మకి ఫోన్ చేస్తా."

"చెయ్యండి. నాకేం భయమా" అని మరదలు నాలుక కరుచుకుంది.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో చెప్పాల్సిన మాట ఎటో జారిపోయింది. తర్వాత ఇంకొకటి కనిపించింది. ప్లేటు నిడివి రావాల్సినంత రాకపోతే, మరదలు గీతను సవరించకుండా దాని పక్కన కొలత అంకెను మాత్రం కావలసినట్టు టైపు చేసేసింది. గీత ఎంతుందో కొలత చెప్పాలి గానీ, మనకు కావలసింది దాని చేత చెప్పించకూడదు. ఈ మాట ఆమె నోటిదాకా వచ్చింది. అప్పటికే మరదలు బ్యాగు తగిలించుకుని, బస్సు పోతుందని చెప్పులు వెతుక్కుంటోంది. రేపు చెబుదాంలే, ఇవాళ్టికి నేనే సరిచేస్తే పోయె, అనుకుంది. ఆ రేపు అలా జరుగుతూ జరుగుతూ నెలలైంది. కొత్తవాళ్లకు మంచి అలవాట్లు నేర్పాల్సిన మనిషి తానే ఒక అలవాటులో పడింది.

"మొత్తానికి వదిన చెయ్యి మరదలికి వచ్చింది" అనేవాడు యజమాని. మరదలు మురిసిపోయేది. ఆమె తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వులో ఏముండేదో ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది. మెప్పు మరదలికి అందుతున్నా, అది తన పనికి వచ్చిన మెప్పు. ఎవరికీ తెలియకుండా దక్కుతున్నది కాబట్టి ఇంకాస్త తియ్యగా ఉండేది.

ఈ వారం మొదట్లో దవడ పన్ను పీకించుకుని ఆమె ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజుల్లో గీసిన ఫైళ్లు ఎలా గీసినవి అలాగే కిందికి వెళ్లాయి.

కోత మిషన్ నడిపే అతణ్ణి అందరూ నత్త అంటారు. మిషన్ వేగం మిషన్‌ది, నా వేగం నాది అని అతని వాదన. నిన్న పొద్దున్నే పాడైన ప్లేటు ముక్కొకటి పైకి మోసుకొచ్చి మరదలి బల్ల మీద పెట్టాడు.

"చిన్నమేడమ్, ఇది చూడండి. ఈ మూల దగ్గర మొరాయించింది. మెట్లు బిగించే కంతలేమో ఇంత కిందికి దిగిపోయాయి."

"మీ మిషన్‌కేమైనా అయిందేమో చూడండన్నా."

"నా మిషన్‌ని అనకండి. అది గీసింది గీసినట్టు కోస్తుంది. మొగుడిలా సర్దుకుపోదు."

"మీ ఇంట్లో సర్దుకుపోయేది మీరా? మీ ఆవిడ ఫోన్లో ఇంకోలా చెప్పిందే."

నత్త నవ్వబోయి ఆపుకున్నాడు. వెనకాలే యజమాని వచ్చి నిలబడ్డాడు. ప్లేటు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నాళ్లూ వంక పెట్టడానికి లేకుండా ఉండేవి కదమ్మా నీ బొమ్మలు. ఉన్నట్టుండి ఏమొచ్చింది?"

"తెలీదు సార్" అంది మరదలు. "రోజూ ఎలా గీస్తానో అలాగే గీశాను."

ఆ మాట అక్షరాలా నిజం. నిజమని తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ బుగ్గ మీద చెయ్యి వేసుకుని, పన్ను పీకిన చోట సలుపుతున్నట్టు ముఖం పెట్టి కూర్చుంది. సలుపు తగ్గిపోయి అప్పటికే ఒక పూటయింది.

యజమాని అరవలేదు. "అదే ప్లేటు మళ్లీ గియ్యి. ఎల్లుండి నా ముందు కోయిస్తాను. సరిగ్గా వస్తే ఉండు. రాకపోతే ఏమీ అనుకోకు, నాకూ వేరే దారి లేదు" అని దిగి వెళ్లిపోయాడు.

ఇవాళంతా మరదలు తల ఎత్తకుండా గీసింది. ఇందాక, కిటికీలోంచి ఎండ వాలుగా బల్లల మీద పడుతున్న వేళ, వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడింది.

"వదినా, ఒకటి అడుగుతాను. నవ్వరుగా?"

"అడుగు."

"మొన్నటిదాకా చేతనైన పని ఇప్పుడు చేతకాకుండా పోవడం ఉంటుందా? నాకు భయమేస్తోంది. కళ్ల డాక్టర్‌కి చూపించుకుంటానని మీ తమ్ముడితో అన్నాను. కళ్లజోడు పెడితే హెడ్మాస్టర్లా ఉంటావని ఆయన వేళాకోళం. నాకేమో నిన్న నిద్రే పట్టలేదు."

"నీ కళ్లకేం కాలేదులే."

"చూడకుండా ఎలా చెబుతారు? ఫైలు మీ కంప్యూటర్‌కి పంపాను. మీరు చూడండి, నేను కిందికెళ్లి టీ తెస్తా. మీరు చూస్తుంటే పక్కన నిలబడటం నావల్ల కాదు."

మరదలు వెళ్లాక ఆమె చూసింది. ఎక్కువసేపు పట్టలేదు. పై మూల అతకలేదు. ఒకచోట గీత మీద గీత పడింది, మిషన్ అక్కడ కోసిందే మళ్లీ కోస్తుంది. కంతల వరసను మరదలు మళ్లీ కంటితోనే దించింది. చేతిలో భయం చేరినందువల్ల తప్పులు ఎప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి.

ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోకముందే చెయ్యి కదిలింది. మూల అతుక్కుంది. ఎక్కువైన గీత పోయింది. కంతలు వాటి చోటికి ఎక్కి కూర్చున్నాయి. ఒక్కొక్క సవరణకీ లోపల ఎక్కడో నలిగిన గుడ్డ సాపైనట్టు హాయి. ఆ హాయి దగ్గర ఆమె ఆగింది. అది తనకు తెలిసిన హాయే. ఇదివరకు వేరే మనిషి ముఖంలో చూసింది.

చిన్నప్పుడు ఆరిన బట్టలు మడతపెట్టే పని అమ్మ తనకిచ్చేది. తాను అంచుకు అంచు కలిపి, మడతలన్నీ బీరువా ముందు పేర్చి, ఆడుకోవడానికి పరిగెత్తేది. తిరిగొచ్చేసరికి అవన్నీ ఇటుకలు పేర్చినట్టు ఇంకో తీరుగా ఉండేవి. అమ్మ చివరి మడత నిమురుతూ తృప్తిగా చూసుకునేది, ఒక్క మాట అనేది కాదు. తిట్టినా బాగుండేది. అమ్మకు నేనంటే ఇష్టం లేదు అని అప్పట్లో అనుకుంది. పెద్దయ్యాక, ఇష్టం ఉండబట్టే మళ్లీ మడతపెట్టింది అనుకుంది. ఈ కుర్చీలో కూర్చుంటే ఇంకొకటి తోస్తోంది. ఆ క్షణంలో అమ్మకు కూతురు గుర్తుండి ఉండదు. వంకర మడత ఒక్కటే కనిపించి ఉంటుంది. ఈనాటికీ తనకు చొక్కా మడతపెట్టడం రాదు. ఇంట్లో ఆ పని భర్తే చేసుకుంటాడు.

మరి ఈ పని ఎలా వచ్చింది? తాను ఇక్కడ చేరిన కొత్తలో గీసిన రెయిలింగు బిగించబోతే చోటు చాలక అడ్డం పడింది. షెడ్డులో వాళ్లంతా చుట్టూ మూగి చూశారు. ఆ పూట ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సిగ్గు వేళ్లలో ఉండిపోయింది. అప్పటి నుంచీ ఫైలు మూసే ముందు ఒక్కో మూలకీ వెళ్లి, పెద్దది చేసి చూసుకుని గానీ లేవదు. కోర్సులో చెప్పినప్పుడు అంటని అలవాటు ఆ రోజుతో అంటుకుంది. మరదలికి అలాంటి రోజు రాకుండా ఇన్నాళ్లూ తాను అడ్డం నిలబడింది. సిగ్గును ఆపానని అనుకుంటూ పనిని ఆపింది. ఇప్పుడా పిల్ల, తనకెన్నడూ రాని పనిని పోగొట్టుకున్నానని దిగులుపడుతోంది. లేని జబ్బుకి డాక్టర్‌ని వెతుక్కుంటోంది. లాక్కున్నదేమీ లేదా? ఆ పిల్ల తప్పులన్నీ లాక్కుంది. ఒక్కటైనా మిగల్చలేదు.

తెర మీద ప్లేటు ఇప్పుడు మచ్చ లేకుండా ఉంది. ఇలాగే సేవ్ చేస్తే రేపు యజమాని ఊపిరి పీల్చుకుంటాడు, మరదలి కళ్లు వాటంతటవే బాగయిపోతాయి. తనకు మళ్లీ ఇంకో పన్ను పోటెత్తేదాకా. లేదూ, ఇంకా వెలుతురుంది, మరదలిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఈ ఒక్క ప్లేటు ఆ పిల్లే తన చేత్తో గీసుకునేంత నేర్పొచ్చు. కానీ నేర్పాలంటే ముందు సందు చూపించాలి. చూపిస్తే మరదలు తెలివితక్కువది కాదు, "మరి ఇన్నాళ్లూ?" అంటుంది. ఆ ప్రశ్నకు రెండు జవాబుల్లేవు. ఆ తర్వాత కూడా వదినా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో ఇప్పుడున్న చనువు ఉంటుందో లేదో తెలియదు.

కింద మిషన్ ఆగింది. నిశ్శబ్దంలో మరదలి గొంతు వినిపించింది. "పంచదార ఇంకో చెంచా వెయ్యండన్నా. ఇవాళ నాకు అదొక్కటే దిక్కు." నత్త ఏదో అన్నాడు. ఇనుప మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి, కప్పులు తొణక్కుండా, నెమ్మదిగా.

ఆమె అన్‌డూ నొక్కింది. కంతలు కిందికి దిగిపోయాయి. మళ్లీ నొక్కింది. చెరిపిన గీత వచ్చి గీత మీద కూర్చుంది. ఇంకోసారి నొక్కడానికి ముందు వేలు కాసేపు గాలిలో ఆగింది. నొక్కింది. పై మూల విడిపోయింది. ఆ మూలను దగ్గరికి లాగి పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, వెంట్రుక సందు తెరంతా పరుచుకునేదాకా. తర్వాత మౌస్ వదిలేసి, లేచి, కుర్చీ ఖాళీ చేసి పక్కకు జరిగి నిలబడింది.