షోకేసులో అనాస డబ్బా

పొద్దున్నే షోకేసు తుడవడం నా పనుల్లో ఒకటి. దినేష్ పెళ్ళి ఫోటో, నా బిడ్డ ఉషకు బడిలో ఇచ్చిన కప్పు, ఆ రెంటి నడుమ అనాసపండు ముక్కల డబ్బా. దసరాకు మా యారాలు శ్రీవాణి, అంటే మరిది దినేష్ భార్య, హైదరాబాద్ నుంచి తెచ్చింది. ఆమెకు ఆఫీసులో ఉద్యోగం. వంట రాదు కాబట్టి వచ్చినప్పుడల్లా ఏదో ఒక డబ్బా పట్టుకొస్తుంది. మిగతావన్నీ తినేశాం. దీన్ని మాత్రం అత్తమ్మ విప్పనివ్వలేదు. వనపర్తిలో మా వాడకట్టు మొత్తంలో ఎవరింట్లోనూ లేదట. నేను పెట్టిన మామిడితొక్కు గిన్నెలో వేయించుకుని పోయే ఆడవాళ్ళకు కూడా దాన్నే చూపిస్తుంది. "మా చిన్న కోడలు తెచ్చింది" అంటుంది. తొక్కు ఎవరు పెట్టారో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

డబ్బా ఇచ్చిన రోజే శ్రీవాణి వంటింట్లో నాకు చెప్పింది. "అక్కా, చల్లగ, చీకటిగ ఉన్నకాడ పెట్టు. మూత ఉబ్బిందంటే మాత్రం విప్పొద్దు, రుచి గుడ చూడొద్దు, పారేయాలె." నేను దాన్ని లోపలి అర్రలో తొక్కుజాడీల పక్కన పెట్టాను. అత్తమ్మ తీసి మళ్ళీ షోకేసులో పెట్టింది. "చీకట్ల పెడ్తె ఎవరు చూస్తరే?" అంది. ఆ మాటలో అబద్ధమేం లేదు. నేను ఇన్నేళ్ళుగా వంటింట్లోనే ఉన్నాను, నాకు తెలుసు.

శ్రీవాణి అంటే నాకు కడుపుమంట. దాచడమెందుకు? ఆమె జీతం చూసి కాదు, ఆమె సెల్‌ఫోను చూసి కూడా కాదు. ఆమె వచ్చీ రాగానే అత్తమ్మ ఫ్యాను కిందికి కుర్చీ జరుపుతుంది. "పాపం, అలిసొచ్చింది, జర కూసోనియ్యి" అని మా ఆయన సుదర్శన్ నాకే చెప్తాడు. ఆమె బస్సులో కూర్చునే వచ్చింది. నేను కోడి కూయకముందే లేచాను. అలిసిపోవడానికి కూడా ఊరు దాటి వెళ్ళిరావాలి కాబోలు.

ఎండాకాలం వచ్చింది. పడమటి కిటికీ నుంచి ఎండ మధ్యాహ్నమంతా షోకేసు మీదే పడుతుంది. ఒక పొద్దున తుడుస్తుంటే డబ్బా మూత చేతికి గుండ్రంగా తగిలింది. వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి మళ్ళీ లేచింది. నాకు ముందు వచ్చింది భయం కాదు, సంతోషం. అదే వారంలో శ్రీవాణి అమ్మానాన్నలు నాగర్‌కర్నూల్ నుంచి భోజనానికొస్తారని, వాళ్ళ బిడ్డ తెచ్చిన డబ్బానే విప్పి పెడతానని అత్తమ్మ అంటే, నేను నోరు మెదపలేదు. అందరి ముందు అది బుస్సుమని చిమ్మితే శ్రీవాణి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూరగాయలు తరిగాను. ఆ వారం పని బరువనిపించలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. శ్రీవాణి ఫ్యాను కింద కూర్చుంది. అత్తమ్మ డబ్బా, కత్తి ముందు పెట్టుకుంది. "ముందుగాల ఉషకిస్త. ఎప్పటిసంది అడుగుతున్నదో." నా బిడ్డ రెండు చేతులూ చాపి నిలబడింది.

నేను వెళ్ళి డబ్బా లాక్కున్నాను. "విప్పొద్దు అత్తమ్మా. ఉబ్బింది. తింటె పానం మీదికొస్తది."

"ఇన్నొద్దులు మంచిగున్నది ఇయ్యాల్నే ఉబ్బిందా? చెల్లె మీద కండ్లమంట నీకు. ఆమె వచ్చినకాన్నుంచి చూస్తనే ఉన్న."

"అందరి ముందల లొల్లి ఏంది? లోపలికి పో" అన్నాడు సుదర్శన్.

ఎప్పుడైనా అయితే పోయేదాన్నే. ఉష చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

"కండ్లమంట ఉన్నది నిజమే అత్తమ్మా. డబ్బ పాడైంది గుడ నిజమే."

శ్రీవాణి లేచి వచ్చి మూత నొక్కింది. టక్కుమంది. వాళ్ళమ్మ జానకమ్మ ఉషను దగ్గరికి లాక్కుంది. "అక్క చెప్పింది నిజమే" అంది శ్రీవాణి, నా మొహం చూడకుండా. "ఎండల పెట్టొద్దని ఆ దినమే చెప్పిన."

డబ్బాను కవర్లో చుట్టి పెరట్లో లోతుగా గుంత తీసి పూడ్చాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తమ్మ షోకేసులో ఖాళీని చూస్తూ ఉంది. మెత్తగా అంది, "ఆడ బోసిగున్నది. నీ తొక్కుజాడి తెచ్చి పెట్టరాదు."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆమెకు తెలియదు.

"వద్దు అత్తమ్మా. ఎండకు తొక్కు ఖరాబైతది. దాన్ని లోపల్నే ఉండనీ." అని, శ్రీవాణి లేచిన కుర్చీలో నేను కూర్చున్నాను.

"మరి అన్నాలు ఎవరు పెడ్తరు?"

"అన్నీ వండి పెట్టిన. పెట్టుకోండ్రి."

సుదర్శన్ వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె శ్రీవాణి వైపు చూసింది. శ్రీవాణి కొంగు దోపుకుని లోపలికి పోయింది. కాసేపు గిన్నెల చప్పుడు. "అక్కా, గంటెలు యాడున్నయి?"

"నీ ఎదురుంగనే" అన్నాను, లేవకుండా.

రోజూ తుడిచే గదే. ఈ ఫ్యాను గాలి ఇంత చల్లగా తగులుతుందని నాకు ఆ రోజే తెలిసింది.