బోరు కాడ బొట్టు

బాగేపల్లి చుట్టుపక్కల మనిషి పరిగెత్తాలంటే కుక్కన్నా తరమాలి, బస్సన్నా కదలాలి. బూట్లు తొడుక్కొని, నడి ఎండాకాలంలో గుట్టలెక్కి ఊరికే పరిగెత్తడం ఈమధ్య వచ్చిన విద్య. కాలేజీ పిల్లలు కొందరు చేరి మొదలుపెట్టారు. ధనుంజయకు ఆ పిల్లల మీద కోపం లేదు. ఆయన కోపమంతా అడక్కుండా ఆ పరుగులో తన పేరు రాయించిన కూతురు రక్షిత మీదే.

"సుగరొచ్చినోళ్లు నడవాలని డాక్టరు చెప్పినాడు కదా నాయనా."

"నడవమన్నాడు. సావమన్లేదు."

బస్టాండు ఎదురుగా టీ అంగడి ఆయనది. ఏడో తరగతిలో బడి మానిన నాటినుంచి లోకం తనను వెనక వరసలోనే కూర్చోబెట్టిందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజూ పాలతోపాటు కాచి, అంగడికి వచ్చినవాళ్లందరికీ పోస్తుంటాడు.

తెల్లారి మొదలుపెడతామన్న పరుగు, జెండా ఊపవలసిన పెద్దమనిషి కాఫీ తాగి వచ్చేసరికి ఆలస్యమైంది. ఎండ నెత్తికెక్కింది. ఎవరన్నా పడిపోతారేమోనని పిల్లలు అప్పటికప్పుడు ఒక కట్టుబాటు పెట్టారు. గుట్ట దిగినచోట అందరూ నీళ్లు తాగాలి. తాగినవాళ్లకు నుదుట కుంకుమ బొట్టు పెడతారు. బొట్టు లేకుండా వచ్చినవాళ్లకు పతకం లేదు.

ధనుంజయ గుట్ట ఎక్కాడనడం కంటే, రక్షిత చెయ్యి పట్టి ఎక్కించిందనడం న్యాయం. తోటివాళ్లు ఎప్పుడో దాటిపోయారు. సీతాఫలం పొదల మధ్య రాళ్లమీద జారుతూ దిగేసరికి ఆయన నాలుక అట్టముక్క అయింది. కింద వేపచెట్టు, దాని పక్కన బోరు గది కనిపించాయి. ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అది మీ అత్త బోరు కదమ్మా."

"ఊఁ. ఈ ఎండకు నీళ్లు పడతాండేది అదొక్కటే. ఇంక యాడ పెడతారు?"

"ముందే యాల చెప్పలేదు?"

"చెప్పింటే వచ్చేవాడివా?"

వచ్చేవాడు కాదు. అక్క కెంపమ్మ ఇంటి నీళ్లు ముట్టి నాలుగేళ్లయింది. ఆమె కొడుకు చంద్రు పెళ్లికి పత్రిక ఫోన్లో వచ్చింది. మేనమామకు, ఫోన్లో! పసుపు కుంకుమలతో ఇంటికొచ్చి, బొట్టు పెట్టి పిలవవలసిన పిలుపు, ఎవరో పంపిన గుడ్‌మార్నింగ్ పూలబొమ్మ కింద పడి ఉంది. పెళ్లిలో కట్టుకోవాలని అంతకుముందే జరీపంచె కొని పెట్టుకున్నాడు ధనుంజయ. ఆ పొద్దు అంగడిలో పదిమంది వింటుండగా, "ఇంక దాని నీళ్లు ముట్టితే ఒట్టు" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. పంచె పెట్టెలోనే ఉండిపోయింది.

వేపచెట్టు కింద కుండల పక్కన కెంపమ్మ కూర్చొని ఉంది. తమ్ముణ్ణి చూసి లేవలేదు, మొహమూ తిప్పుకోలేదు.

"కూర్చోప్పా. నిలబడి తాగితే పక్కలో పట్టుకుంటాది."

"నేను తాగను."

కుంకుమ గిన్నె పట్టుకున్న పిల్ల కంగారుపడింది. "తాగకపోతే బొట్టు పెట్టకూడదు అంకల్."

"ఆయప్ప తాగడులేమ్మా," అంది కెంపమ్మ. "మూతి ఎండి బీటలు పారింది గానీ, రోషం మాత్రం తడారలేదు."

రక్షిత నవ్వాపుకోవడానికి బూటు లేసు కట్టుకుంది. అది కట్టే ఉంది.

ధనుంజయ ఎటో చూస్తూ అన్నాడు: "మొగం కడుక్కునేకి నీళ్లు పొయ్యి. అంతే."

వంగి దోసిలి పట్టాడు. కెంపమ్మ చెంబు ముంచి పోసింది. పోస్తూ, రెండో చెయ్యి ఆయన దోసిలి కింద ఆనించింది. చిన్నప్పుడు చెనిక్కాయల చేలో, కడవ ఎత్తలేని తమ్ముడికి ఆమె అట్లాగే పోసేది. వాడి వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోకుండా కింద తన చెయ్యి పెట్టేది. అప్పుడు ఆ చేతికి ఆకుపచ్చ గాజులు ఉండేవి. ఇప్పుడూ గాజులున్నాయి, వాటి కింద చర్మమే ముడతలు పడింది.

మొహం మీద చల్లుకోవాలనే ఆయన చేతులు ఎత్తాడు. ఎత్తినవి నోటి దగ్గరే ఆగాయి.

దోసిలి మళ్లీ చాచాడు. ఆమె మళ్లీ పోసింది. ఆయన చాలనేదాకా పోసి, చెంబు పక్కన పెట్టి, పిల్ల చేతిలోని కుంకుమ గిన్నె తీసుకుంది.

"ఆ పొద్దు మీ బావ ఆస్పత్రిలో ఉన్యాడు. నాకు కాలు కదల్లేదు, చంద్రుగాడు అందరికీ పంపినట్లే నీకూ పంపినాడు. తరవాతన్నా నేను రావల్ల. రాకపోయింది నా తప్పే." బొటనవేలితో ఆయన నుదుట గట్టిగా అద్దింది. "సోమారం చంద్రు బిడ్డకు పుట్టెంట్రుకలు తీస్తాండాము. నువ్వు రావల్లరా."

"ఇట్ల దావలో నిలబెట్టి పిలిస్తే ఎవరన్నా వస్తారా?"

కెంపమ్మ గిన్నె కింద పెట్టింది. "మరి ఎట్ల పిలవల్ల?"

"ఇంటికొచ్చి శశికళకు బొట్టు పెట్టు. నా పెండ్లాన్ని పిలవకుండా నేనొక్కణ్ణే ఎట్ల వస్తాను?"

"సాయంత్రం వస్తా."

"రా. అంగడి మూసి ఉంటాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నడిచి రావద్దు. ఆటోలో రా."

పరుగు ముగిసేచోట షామియానా విప్పుతుండగా అందరికన్నా చివర వచ్చాడు ధనుంజయ. శశికళ మజ్జిగ చెంబుతో ఎదురొచ్చింది. చెమటకు ఆయన నుదుటి కుంకుమ కరిగి ముక్కుదాకా కారింది.

"అయ్యో, ఏమిది రగతం? పడితివా?" అని కొంగు ఎత్తింది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవొద్దు. సాయంత్రం మా అక్క నిన్ను పిలిచేకి వస్తాంది. తాంబూలానికి ఆకులు తెప్పించు." మజ్జిగ గటగటా తాగి, మూతి మాత్రం తుడుచుకున్నాడు. "పెట్టెలో పంచె ఉండాది. తీసి కొంచేపు గాలికి ఆరేయి."

ఏ పంచె అని శశికళ అడగలేదు.