మూతపడని గది

పదకొండో కర్టెను. మూడుసార్లు ఉతికినా బకెట్లో నీళ్లు బొగ్గురంగు వదలడం లేదు. దల్మా కొండ అంటుకుని నలభై రోజులైంది. ఇప్పపువ్వు ఏరుకోడానికి ఎవరో చెట్టు కింద ఎండుటాకులు తగలేస్తే, గాలి ఆ నిప్పుని తమ లాడ్జి వెనక గోడదాకా దింపింది. నాలుగు గదులు కాలిపోయాయి, ఎనిమిది పొగచూరాయి. లాడ్జి మూసేశారు. మూసేశారంటే, పనివాళ్లు ఊళ్లకి పోయారు, వాచ్‌మన్ మంచం వాల్చాడు. ఈశ్వరి మాత్రం రోజూ పొద్దున్నే పట్నంలోని భాలుబాసా నుంచి ఆటోలో వచ్చి, మంటలార్పిన ఫారెస్టు వాళ్లకీ, తాపీ మేస్త్రీలకీ, పలకరించడానికొచ్చిన మొగుడి స్నేహితులకీ వండుతూనే ఉంది. పరామర్శ అంటే కోడికూర అని ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఏటే, ఇంకా ఉతుకుతున్నావా? బీమా సర్వేయర్ గారొత్తన్నారు. చెయ్యి తుడుసుకుని ఇక్కడ పన్నెండు సంతకాలెట్టు." మొగుడు సత్యప్రసాద్ కొత్త రిజిస్టరు తెరిచి పట్టుకున్నాడు.

అడవి మంటల వల్ల లాడ్జి మూతపడితే, పోయిన లాభమూ, మూసి ఉన్నన్నాళ్లూ సిబ్బందికిచ్చిన జీతాలూ కట్టిచ్చే బీమా ఉంది. రిజిస్టరులో 'వంటమనిషి, ఈశ్వరి, నెలకి పద్దెనిమిది వేలు' అని ఉంది. ఆమె పాత సిబ్బందేనని చూపడానికి, గడిచిన ఏడాది జీతం అందినట్టు సంతకం పెట్టాల్సిన గడులు ఖాళీగా ఉన్నాయి.

"ఎప్పుడిచ్చారండీ?"

"క్లెయిమ్ పెరుగుతాదే. నీ పేరే కదా రాసినాను, సంతోషించు."

ఇక్కడ వండిన తొమ్మిదేళ్లలో లాడ్జి కాగితం మీద తన పేరు చూడటం ఇదే మొదలు. బోర్డు మీద అత్తగారి పేరు, లైసెన్సులో మొగుడి పేరు. బి.ఏ.లో ఎకనామిక్స్ చదివింది. డిమాండు ఊళ్లోవాళ్లది, సప్లై తనది అవుతుందని ఆ పుస్తకంలో లేదు. వంటకి మనిషిని పెడదామంటే అత్తగారు సింహాచలమ్మ, "ఇంట్లో ఆడది ఉండగా కూలికి వంటమనిషేటే, నవ్విపోతారు" అంది. "నీ చేతి రుచి ఎవలికొత్తాది?" అన్నాడు మొగుడు. ఆ ఒక్క మాట మీద రెండేళ్లు వండింది. గర్భసంచి తీసేసిన పదహారో రోజున పెళ్లివారికి పూరీలు వత్తింది. పాపం, కుర్చీ వేశారు. కుట్ల దగ్గర తడిగా తగిలితే కొంగు అడ్డం పెట్టుకుని ఇంకో వాయి వేసింది. ఆ రోజుకి కూడా ఈ రిజిస్టరులో ఒక గడి పెట్టి, అందింది అని సంతకం చేయమంటారు కాబోలు.

సర్వేయర్ రంగనాథ్ అదే పట్నంలో కద్మా పేటలో ఉండే తెలుగాయనే. గదులన్నీ చూసి, చివరికి వంటగదిలోకి వచ్చాడు. పొయ్యి మీద మేస్త్రీల అన్నం ఉడుకుతోంది.

"మేడం, ఈ జీతం మీకు అందిందా?"

వెనక మొగుడు దగ్గాడు.

"అందలేదు బాబూ. ఎప్పుడూ అందలేదు."

"పిచ్చా నీకు! ఆడోళ్లకి లెక్కలు తెల్దు సార్, మీరు రాసుకోండి."

రంగనాథ్ రాయలేదు. "గదులు ఏప్రిల్ తొమ్మిదిన మూశారు. వంటగది ఎప్పుడు మూశారు?"

"మూయలేదు. నిప్పొచ్చిన రోజు కూడా ఇక్కడ వంటయింది."

"అయితే వంటగది కింద ఏమీ రాయలేనమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "బీమా లెక్కలో పని ఆగితేనే నష్టం."

తొమ్మిదేళ్లలో తన పని గురించి ఎవరైనా అన్న మొదటి తెలివైన మాట అది. ఈశ్వరి దాన్ని మనసులో ఒకసారి అనుకుని చూసింది. తరవాత వంగి సిలిండరు కట్టేసింది. ఎసరు మీద బుడగలు ఒక్కొక్కటే అణిగిపోయాయి. అన్నం ఇంకా పలుకుగానే ఉంది.

"ఏటే అది? మేస్త్రీలొత్తారు!" అన్నాడు సత్యప్రసాద్.

ఆమె సర్వేయర్ వైపే చూసింది.

"ఇవాళ్టి తారీఖు రాసుకోండి బాబూ. ఇప్పుడే ఆగింది."