ముల్లంగి తోడు, ఉల్లి గోడు

భార్య పోయాక వడ్రంగికి మాట తగ్గింది, తిండి తగ్గింది. పని మాత్రం తగ్గలేదు. కంట తడి పెట్టలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు రాయిలా ఉన్నాడనుకుంటూ వెళ్లారు. రాయికేం తెలుసు, తన మీద ఎవరు కూర్చుని లేచారో.

ఇంటి వెనక ఆమె పెంచిన కూరమడి ఉంది. చలి మొదలవుతుండగా అతను అటక మీది సీసా దించాడు. అడుగున గుప్పెడు బఠానీ విత్తనం. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకం. తీగ నిలువెత్తు పాకుతుంది. కాయ పొట్టి, గింజ తీపి. అంగట్లో దొరకదు. జబ్బుపడ్డాక ఆమె నాటలేదు. ఇంకా ఆగితే గింజ పుచ్చిపోతుంది. ఉన్నదంతా నాటేశాడు. ఈ కాపు తప్పితే ఆ విత్తు ఇక భూమ్మీద లేనట్టే.

పని వచ్చినవాడు కనుక పందిరి గట్టిగా వేశాడు. మణికట్టు లావు కర్రలు, నాలుగు పక్కలా చిత్రిక పట్టినవి. పక్కన ఏం వెయ్యాలో ఆమె మాట గుర్తుంది. మడిలో వంగినప్పుడల్లా పాడినట్టు అనేది. ఒకటి తోడు, ఒకటి గోడు. ఉల్లి తోడు, ముల్లంగి గోడు. అందుకని మొదళ్ల చుట్టూ ఉల్లినారు ఒత్తుగా గుచ్చాడు.

ఉల్లి ఏపుగా లేచింది. బఠానీ జానెడు పెరిగి ఆగిపోయింది. కింది ఆకులు పసుపు తిరిగాయి. నులితీగలు గాలిలో చెయ్యి చాచి, నున్నటి కర్రను తడిమి, పట్టు దొరక్క నేల వాలాయి. వడ్రంగి రోజూ వచ్చి చూశాడు. లోపల ఏమీ కదల్లేదు. పళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

మాట తిరగబడిందేమో. ఏళ్ల తరబడి విన్నాడు. విన్నాడంటే చెవిన పడిందంతే.

అది సరిగ్గా తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. భార్య చెల్లెలు. పక్క వీధిలో బట్టలు కుడుతుంది. దాని గడప తొక్కనని అతను నలుగురి ముందూ అన్నాడు. ఆసుపత్రిలో అతను గుట్టుగా దాచిన మాటను అక్క చెవిన వేసింది ఆమే. ఇక లేవవని చెప్పేసింది. ఆ పూట నుంచి రోగి ముద్ద ముట్టలేదు.

కుట్టు దుకాణం గుమ్మం అతను బిగించిందే. గడప ఇవతలే నిలబడ్డాడు. లోపల మిషను ఆగింది.

"ఎవరూ, బావా? దారి తప్పావా?"

"బఠానీకి తోడేంటి?"

"బాగున్నావా అని అడగవా?"

"తోడేంటి?"

ఆమె పెదాల మధ్య ఉన్న గుండుసూది తీసి మెత్తకు గుచ్చింది. "ముల్లంగి తోడు, ఉల్లి గోడు. మా అమ్మ మాట. అక్క చెప్పలేదూ?"

"చెప్పింది."

"అయితే నువ్వు ఉల్లి పెట్టావు!" నవ్వబోయి, అతని ముఖం చూసి మింగేసింది. "పద, చూస్తాను."

"రానక్కర్లేదు."

"విత్తనం మా అమ్మది బావా. నీది కాదు."

ముందు అతను నడిచాడు. వెనక ఆమె, చేతిలో గుడ్డముక్కల సంచి.

మడి దగ్గర ఆమె కర్రను వేలితో తట్టింది. "వీటికి తలుపులు కూడా బిగిస్తావా ఏంటి? దాని చెయ్యి దారమంత. దూలం చూపించి పట్టుకోమంటే ఎలా పట్టుకుంటుంది?"

అతను ఉల్లి ఒక్కొక్కటే పెరికి గట్టు మీద పడేశాడు. ఆ చోట ముల్లంగి విత్తులు పలచగా చల్లి మన్ను కప్పాడు. ఆమె సంచిలోంచి సన్నటి అంచుపేలికలు తీసి, ముడివేసి, పైకర్ర నుంచి కిందికి వేలాడదీసింది. వాడిన నులితీగలను వేలితో లేపి ఒక్కొక్కదానికీ ఒక పేలిక అందించింది.

"అక్కే అడిగింది బావా," అంది తల ఎత్తకుండా. "నిన్నడిగితే అబద్ధం చెబుతావని నన్నడిగింది."

"ఈ కొస పట్టుకో," అన్నాడు వడ్రంగి.

ఆమె పట్టుకుంది. అతను బిగించి ముడి వేశాడు.

కొన్ని మొదళ్లు చచ్చిపోయాయి. మిగిలినవి కొత్త ఆకు వేసి, రంగురంగుల పేలికల వెంట పాకి, పూత పూశాయి. ముల్లంగి బాగా ఊరింది. పీకి తిన్నాడు. ఘాటుగా ఉందో లేదో అడిగితే చెప్పలేడు. బఠానీ కాయ ఒక్కటీ తెంపలేదు. తీగ మీదే ఎండనిచ్చి, గలగలమన్నాక ఒలిచాడు. గుప్పెడు వేసినవాడికి రెండు గుప్పిళ్లు వచ్చాయి.

రెండు సీసాల్లో పోశాడు. ఒకటి అటక ఎక్కించాడు. రెండోది పట్టుకుని కుట్టు దుకాణానికి వెళ్లాడు. గడప తొక్కలేదు. చెయ్యి ఒక్కటే లోపలికి చాచాడు.

ఆమె లేచి వచ్చి సీసా అందుకుంది. "నాకా?"

"అంతా ఒకచోట ఉంటే, పురుగు పడితే మొత్తం పోతుంది."

"అంటే కోపం పోయినట్టేనా బావా?"

"పోలేదు."

ఆమె సీసాను వెలుతురుకెత్తి చూసింది. "మూత గట్టిగా పెట్టావా?"

"పెట్టాను."

"సరే అయితే."

అతను వీధి మలుపు తిరిగేలోగా మిషను మళ్లీ మొదలైంది.